మైనరు పిల్ల, చిత్తూరు అత్త

మా అమ్మాయి పద్దెనిమిది నిండకుండానే ఇల్లు వదిలి వెళ్లిపోయింది. ఎవడితోనో లేచిపోయి ఉంటే వీధి వీధంతా నా వైపు నిలబడేది. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చోవడానికి మనుషులు ఉండేవాళ్లు. కానీ అది వెళ్లింది చిత్తూరులో ఉన్న మేనత్త దగ్గరికి. అందువల్ల అది వెళ్లిపోవడంలా ఎవరికీ కనిపించలేదు, నాకు తప్ప. కట్టుకున్నవాడికి కూడా కనిపించలేదు. పైగా ఆ మేనత్త ఆయన సొంత చెల్లెలాయె.

మాది తిరుపతిలో, అలిపిరి వైపు వెళ్లే దారిలో మూడు గదుల ఇల్లు. తిరుపతిలో కాపురం ఉండే ఆడదానికి వంటిల్లు ఒక్కటే సొంతం, మిగతా ఇల్లంతా కొండకు వచ్చే చుట్టాలది. నావైపు వాళ్లు, ఆయనవైపు వాళ్లు, ఎవరివైపు వాళ్లో తేల్చుకునేలోపే కాఫీ తాగేసి స్నానానికి వెళ్లిపోయినవాళ్లు. రేణిగుంటలో రైలు దిగి ఫోను చేసేవాళ్లు మంచివాళ్లు, ఇడ్లీకి పిండి సరిపోతుందో లేదో చూసుకునే టైమన్నా ఇస్తారు. కొందరు ఆటో దిగి గేటు ముందు నిలబడి, "మీ ఇంటి కాడే ఉండాము" అంటారు. నడిచి కొండెక్కినవాళ్లకు కాళ్లకు వేడినీళ్లు, గుండు కొట్టించుకున్న పిల్లలకు నెత్తికి గంధం, తెల్లారి వెళ్లేవాళ్లకు దారిలోకి పులిహోర. ఇదంతా నాకు కష్టమని నేనెప్పుడూ చెప్పను. నాకదంటే గర్వం. అనంతపురం నుంచి నెల్లూరు దాకా మా చుట్టాల్లో ఎవరిని అడిగినా నా చేతి చారు గురించి చెప్తారు.

వచ్చినవాళ్లకు ఇచ్చేది అమ్మాయి గదే. హాల్లో టీవీ ఉంది, మా గదిలో ఆయన డ్యూటీ దిగి వచ్చి పడుకుంటాడు. ఆయనకు కొండ మీద ఉద్యోగం, రాత్రనక పగలనక షిఫ్టులు. ఇక మిగిలింది ఆ గదే. అమ్మాయి పుస్తకాలు తీసుకుని మెట్ల మీదికో, మేడ మీద నీళ్లట్యాంకు నీడకో వెళ్లేది. ఒక్కరోజు కూడా గొణగలేదు. సర్దుకుపోయే పిల్ల అని అందరి ముందూ పొగిడేదాన్ని. పొగిడినప్పుడల్లా అది నేల చూసేది. సిగ్గనుకున్నాను.

ఇంటరు రెండో సంవత్సరం. సిలబస్ అయిపోయి, ఇంట్లో కూర్చుని చదువుకోమని కాలేజీవాళ్లు వదిలేసిన రోజులు. ఏర్పేడులోని పెద్ద కాలేజీలో సీటు తెచ్చుకుంటుందని నా ఆశ. అక్కడైతే వారం వారం ఇంటికి వస్తుంది, ఒక్కోసారి నేనే డబ్బా కట్టుకుని బస్సెక్కి వెళ్లి ఇచ్చి రావచ్చు. అలా చాలా దూరం ఆలోచించి పెట్టుకున్నాను.

ఒకరోజు హాల్ టికెట్ కోసం కాలేజీకి వెళ్లి వచ్చేసరికి దాని మంచం మీద మా పిన్ని మనవడు గుండుకు గంధంతో నిద్రపోతున్నాడు. దిండు పచ్చగా అయిపోయింది. చదువుకునే కుర్చీ మీద ఎవరిదో తడిచీర ఆరేసి ఉంది. నేను వంటింట్లో అప్పడాలు వేయిస్తున్నాను. అది గుమ్మంలో కాసేపు నిలబడి, వాళ్ల నాయన దగ్గరికి వెళ్లి ఏదో మాట్లాడింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, కొన్నాళ్లు చిత్తూరులో అత్త కాడ ఉండి సదువుకుంటా" అంది.

"పో. చేతులూపుకుంటా పోవద్దు, ఆ డబ్బాలో అప్పడాలు ఏసిస్తా, తీసుకోపో. దానికి వండుకునే ఓపిక యాడ ఉండాది" అన్నాను.

నా చేత్తో నేనే కట్టి ఇచ్చి పంపాను. వాళ్ల నాయన వెళ్లి బస్సెక్కించి వచ్చాడు. రెండు రోజుల్లో వచ్చేస్తుందనుకున్నాను.

ఆ ఆడబిడ్డ సంగతి కొంచెం చెప్పాలి. నేను కోడలిగా వచ్చేనాటికి తను లంగా జాకెట్టు వేసుకునే పిల్ల. జడలు వేసింది నేను, బట్టలు మడతపెట్టడం నేర్పింది నేను. చదువుకుని బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకుంది. పెళ్లి చేసుకోలేదు. "నాకిట్లే బాగుండాదిలే వదినా" అనేది. చిత్తూరులో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఉంటుంది. ఆ ఇంటికి చుట్టమంటూ ఎవరూ వెళ్లరు. కాణిపాకం చూడటానికి అటు వెళ్లేవాళ్లు కూడా సాయంత్రానికి మా ఇంటికే తిరిగొస్తారు. పాపం ఒక్కతే అని మేమంతా జాలిపడేవాళ్లం. అందరికంటే ఎక్కువ జాలి నాదే. ఇప్పుడు ఆ జాలి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

రెండు రోజులు వారమైంది, వారం రెండు వారాలైంది. ఫోను చేస్తే రెండు ముక్కలు.

"తిన్యావా?"

"తిన్యా."

"ఏం తిన్యావు?"

"మెస్సులో ఇడ్లీ."

కొబ్బరి చట్నీలో పచ్చిమిరపకాయ ఒకటి ఎక్కువైతే తినని పిల్ల, మెస్సులో ఇడ్లీ తిని ఊరుకుంటోంది. నేను పొద్దున్నే లేచి తడిబట్టతో చేసిన పొంగలి పక్కకు నెట్టి కంచం ముందు నుంచి లేచిన పిల్ల అది. నిజానికి నాకు బెంగ కలగాలి. కలిగింది కుళ్లు.

ప్రాక్టికల్స్‌కు తిరుపతి వస్తుందని తెలుసు కాబట్టి ఆ రోజు దానికిష్టమని వంకాయ కూర, మెంతి మజ్జిగ చేసి పెట్టాను. మధ్యాహ్నం దాటింది. మా ఎదురింటి ఆమె కూరగాయల సంచితో వస్తూ, "మీ పాప బస్టాండు కాడ కనపడింది, చిత్తూరు బస్సు ఎక్కతా ఉండె. ఇంటికి రాలేదా?" అని అడిగింది. కాలేజీ నుంచి బస్టాండుకు వెళ్లాలంటే మా వీధి మొదలు దాటే వెళ్లాలి. "వచ్చి తినే పోయిందిలే" అని చెప్పి తలుపు వేసుకున్నాను. వంకాయ కూర ఆ రాత్రి ఆయన తిన్నాడు. బాగుందన్నాడు. ఆయన మీద కూడా కోపం వచ్చింది.

"సొంత అత్త కాడేగా ఉండాది, యాడికి పోయింది?" అన్నాడు.

"నీ చెల్లెలికి కనే కష్టం, పెంచే కష్టం లేకుండా ఎదిగిన బిడ్డ కావాల్సి వచ్చినాదా?" అన్నాను.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మేడ మీదికి వెళ్లిపోయాడు. ఆయనకు తెలిసిన జవాబు అదొక్కటే.

అదే వారం నంద్యాల నుంచి మా పెద్దమ్మ కూతురు, ఆమె మొగుడు వచ్చారు. ఆయన లాయరు. నాకు వరసకు బావ. కొండ మీద తలనీలాలిచ్చి, గుండుకు గంధం పూసుకుని అమ్మాయి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అక్క పడుకుంది. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి అడిగాను.

"బావా, పద్దెనిమిది నిండని పిల్ల ఇల్లు వదిలి పోవచ్చునా? చట్టం ఒప్పుకుంటాదా?"

"ఒప్పుకోదు మరదలా. పద్దెనిమిది నిండేవరకు పిల్ల అమ్మానాయన చేతికింద ఉండాల్సిందే. పోయినంత మాత్రాన పిల్లకు శిక్ష ఏముండదు, అది నేరం కాదు. కానీ మీరు కంప్లయింటు ఇస్తే పోలీసోళ్లు వెతికి తెచ్చి మీకు అప్పజెప్తారు."

ఎన్నాళ్లకో కడుపులో చల్లగా అనిపించింది. "మరి ఆ పిల్లను ఇంట్లో పెట్టుకున్నోళ్ల మీద?" అన్నాను.

"గార్డియనుకు చెప్పకుండా మైనరు పిల్లను తీసుకుపోతే కిడ్నాపు కింద వస్తాది. పిల్లే తనంతట తాను పోయి చేరితే అట్లా అనడం కష్టం. యాడికి పోయిందేమి, ఎవరు పంపించినారు?"

చెప్పాను. వాళ్ల నాయన బస్సెక్కించినాడనేసరికి ఆయన గుండు ఊగేలా నవ్వాడు.

"ఇంకేం కేసు మరదలా! చట్టం లెక్కన ముందు గార్డియను నాయనే, ఆ తరువాతే నువ్వు. ఆయనే పంపించి ఉంటే అది ఇల్లు వదిలిపోవడం కాదు, చుట్టాలింటికి పోవడం. కాదూకూడదని కోర్టుకు పోయినా, జడ్జి పిల్లనే పిలిచి అడుగుతాడు, నువ్వు యాడ ఉంటావు తల్లీ అని. ఈ వయసు పిల్ల మాటకు శానా విలువిస్తాడు."

తొమ్మిది నెలలు మోసిన నేను వరసలో రెండోదాన్ని. సరే, అది మింగాను. జడ్జి అడిగే ఆ ప్రశ్నే గొంతు దిగలేదు. జవాబు నాకు తెలుసు. ఒక కోర్టు హాల్లో, నలుగురి ముందు, మా అమ్మాయి నోటి నుంచి ఆ జవాబు వినడం ఊహించుకుంటూ, ఖాళీ అయిన గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"ఇంకొంచెం మజ్జిగ పోయి మరదలా, కరివేపాకు వాసన బాగా పట్టినాది" అన్నాడు బావ.

ఆయన చెప్పిన చట్టమంతటిలోంచీ నేను చిత్తూరుకు మూటగట్టుకుని వెళ్లింది ఒక్క ముక్క. కిడ్నాపు.

ఆదివారం వెళ్లాను. మేడ మెట్లెక్కుతుంటే పైనుంచి మా అమ్మాయి నవ్వు వినిపించింది. పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వు మా ఇంట్లో విని ఎంత కాలమైందో గుర్తు రాలేదు. మనింట్లో కనపడకుండా పోయిన గిన్నె పక్కింటివాళ్ల బోర్లించిన సామాన్లలో కనిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. మెట్ల మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, మొహం గట్టిగా పెట్టుకుని ఎక్కాను.

అమ్మాయి కిటికీ పక్కన టేబుల్ ముందు కూర్చుని ఉంది. బుగ్గలు వచ్చాయి. మెస్సు ఇడ్లీకి బుగ్గలు! ఆడబిడ్డ నైటీలో నేల మీద కూర్చుని వేరుసెనక్కాయలు వొలుస్తోంది. వొలిచినవన్నీ అమ్మాయి పక్కన గిన్నెలో ఉన్నాయి. తన ఒళ్లో పొట్టు మాత్రమే ఉంది. నేను అన్నీ చూశాను. అలాంటివి నా కంట్లో పడకుండా పోవు.

"రా వదినా, కూసో. ఎండన పడి వచ్చినావు, నీళ్లు తెస్తా ఉండు."

"కూసునేదానికి రాలేదు. పిల్లను తోడుకోని పోవడానికి వచ్చినా."

"పరీక్షలయ్యేదాకా ఉండనీ వదినా. బాగా సదువుకుంటా ఉండాది."

"మా ఇంట్లో సదువుకోలేదా ఇన్నాళ్లు?"

ఆమె ఇంకో కాయ వొలిచింది. గిన్నె వైపు చూసింది. ఏదన్నా ఒక మాట అని ఉంటే నేను దానికి పది మాటలు అని ఉండేదాన్ని. ఆ ఊరుకోవడమే నన్ను రెచ్చగొట్టింది.

"లాయరును అడిగే వచ్చినా. మైనరు పిల్లను తల్లికి ఇష్టం లేకుండా ఇంట్లో పెట్టుకుంటే కిడ్నాపంట. స్టేషనుకు పోతే నీ బ్యాంకు ఉద్యోగం ఏమైతాదో సూసుకో."

ముందు నవ్వబోయింది. నేను నవ్వడం లేదని చూసి ఆగిపోయింది. "నేనా వదినా?" అంది. చేతిలో కాయ చేతిలోనే ఉంది.

అమ్మాయి పెన్నుకు మూత పెట్టి లేచింది. "అమ్మా, అత్తను ఏమీ అనొద్దు. నేను వస్తా" అంది.

బ్యాగు సర్దుకుంటున్నంతసేపూ నా వైపు చూడలేదు. అత్తాకోడళ్లు ఇద్దరూ మంచం మీద బట్టలు మడతపెట్టారు. ఆ మడత నేను నేర్పిన మడతే. ఇద్దరూ ఒకేలా పెడుతున్నారు. నేను గుమ్మం దగ్గర చెప్పులతోనే నిలబడి ఉన్నాను.

గెలిచి బస్సెక్కాను. అమ్మాయి కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్ర కాదని తెలుసు. ఎందుకొచ్చిందో కూడా తెలుసు. అత్తకు ఏమీ కాకూడదని వచ్చింది. నాకోసం ఎప్పుడన్నా అంత చేసిందా అని తిరుపతి వచ్చేదాకా వెతుక్కున్నాను. పిల్లను పక్కన పెట్టుకుని, బిడ్డ చేయి నా చేతికి తగులుతుండగా, చిత్తూరులో పొట్టు ఊడ్చుకుంటున్న దాని మీద అసూయ పడ్డాను. అన్న మాట తప్పని నేను ఈ రోజుకీ అనుకోను. మళ్లీ ఆ మెట్లెక్కాల్సి వస్తే మళ్లీ అదే అంటాను, ఇంకొంచెం గట్టిగా.

ఇంటికొచ్చిన పిల్ల ఎంత మంచిగా ఉందంటే, గట్టిగా అరవడానికి కూడా నాకు సందు దొరకలేదు. తిన్న కంచం తనే కడిగేది. పక్కబట్ట లేవగానే మడిచేది. "అమ్మా, ఫ్రిజ్జులో పెరుగు తీసుకోవచ్చునా?" అని అడిగేది. స్నానానికి వెళ్లే ముందు, "ఎవరన్నా పోవాల్నా?" అని కనుక్కునేది. ఇన్నేళ్లుగా ఇంటికొచ్చేవాళ్లను చూస్తున్నదాన్ని, ఇది ఎవరు ఎవరింట్లో ప్రవర్తించే పద్ధతో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మర్యాద తెలిసిన చుట్టం అలా ఉంటుంది.

ఒకరోజు రేణిగుంట స్టేషను నుంచి ఫోను. ఆయన పెదనాన్న కొడుకు కుటుంబం దిగిందట. "ఈసారికి లాడ్జి సూసుకోండి, ఇంట్లో కుదరదు" అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన షేవింగు బ్రష్షు పట్టుకుని బాత్రూం లోంచి బయటికి వచ్చి నన్ను చూశాడు. సాయంత్రానికి ఆ కబురు నెల్లూరు దాకా పోయి ఉంటుంది. ఇన్నేళ్ల చారు ఒక్క ఫోనుతో నేలపాలు. అయినా అమ్మాయి దగ్గరికి వెళ్లి, పతకం గెలుచుకొచ్చినట్టు చెప్పాను.

"వాళ్లను రావద్దని సెప్పినా. గది నీదే ఇంక."

"ఎందుకమ్మా, రానీ పాపం. నాకు ఇంక కొన్ని నెల్లే కదా."

"దేనికి కొన్ని నెల్లు?"

"పద్దెనిమిది నిండేదానికి" అంది. కోపం లేదు, వెటకారం లేదు. ఎవరో టైమెంతని అడిగితే గడియారం చూసి చెప్పినట్టు చెప్పి, మళ్లీ పుస్తకంలో పేజీ తిప్పింది. బావ చట్టంలో ఈ ముక్క కూడా ఉంది. నేను మూటగట్టుకోకుండా నంద్యాలకే పంపేసిన ముక్క.

ఆ తర్వాత నేను చేసినవి చెప్తే నవ్వుతారు. ఆడబిడ్డ ఎలా ఉంటే పిల్ల అలా నవ్విందో అలాగే నేనూ ఉండి చూద్దామనుకున్నాను. బయటి ఇడ్లీ గడప దాటనివ్వని నేను, పొద్దున్నే స్టీలు క్యారియరు తీసుకుని సందు చివర హోటలుకు వెళ్లి నిలబడ్డాను. అక్కడ టీ తాగేవాళ్లంతా మా ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగాలేదేమోనని అడిగారు. తెచ్చి పెట్టాను. రెండు తిని, మర్యాదగానే అంది, "బాగుండాయమ్మా. అత్త తెచ్చేవి ఇంకొంచెం మెత్తగా ఉంటాయి." మధ్యాహ్నం వేరుసెనక్కాయలు వొలిచి గిన్నెలో పెట్టాను. "పైత్యం చేస్తాదని నువ్వే కదమ్మా తిననీవు" అంది. గిన్నె వెనక్కి తెచ్చుకుని నేనే తిన్నాను.

మొదటి పరీక్షకు ముందురోజు సాయంత్రం. ఆయన డ్యూటీకి వెళ్లాడు. ఇంట్లో మేమిద్దరమే. అమ్మాయి గది తలుపు దగ్గరికి వేసి ఉంది. మా ఇంట్లో తలుపు వేసి ఉంటే తోసుకుని వెళ్లడమే తెలుసు. చీపురు కోసం, బట్టల కోసం, చుట్టాల సంచుల కోసం, ఏమీ లేకపోయినా ఊరికే, రోజుకు ఎన్నిసార్లు ఆ తలుపు తోస్తానో లెక్క లేదు. ఆ రోజు కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లినదాన్ని, రేపు పరీక్ష కదా, ఏ లెక్క మధ్యలో ఉందో ఏమో అనిపించి ఆగాను. సొంత ఇంట్లో తలుపు కొట్టడమేమిటని కొంచెం సిగ్గేసింది. అయినా వేలి కణుపుతో రెండుసార్లు మెల్లగా కొట్టాను.

"రా అత్తా, గడియ పెట్టలేదు" అంది లోపలి నుంచి.

పుస్తకంలోంచి తల ఎత్తకుండా అన్న మాట అది. తను ఏ ఊళ్లో ఉందో కూడా ఆ క్షణంలో దానికి గుర్తు లేదు. గొంతులో నవ్వు ఉంది. తలుపు తోస్తే ఆ నవ్వు మొహం మీద ఉంటుంది, నన్ను చూడగానే పోతుంది. అది పోవడం చూడటం నా వల్ల కాదు. గ్లాసు గుమ్మం పక్కన కింద పెట్టి, మీద చిన్న ప్లేటు మూసి, చప్పుడు కాకుండా వంటింట్లోకి వచ్చేశాను.

కాసేపటికి అది గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహం ఎర్రగా ఉంది.

"అమ్మా, ఇందాక తలుపు కొట్టింది నువ్వా?"

"నేనెందుకు కొడతా? నా ఇంట్లో నాకు తలుపు కొట్టే పనేముండాది" అని, పొయ్యి వైపు తిరిగాను.